బొమ్మకు ప్రాణమిచ్చిన విన్సర్ మెకే

అతిథిని ఆదరించుట తెలుగు గృహస్థునకు తరతరములుగా వచ్చిన ధర్మము. వేళగాని వేళ వచ్చినవానికైనను ముందు కాళ్లు కడుగుకొన నీళ్లిచ్చి, ఆ తరువాతనే వచ్చిన పని యడుగుదుము. కాని పిలువని పేరంటమునకు వచ్చి, పెట్టినది చాలదని, పొమ్మన్నను పోని అతిథియు లోకమున కలడు. అట్టివారిలో మొదట చెప్పదగినది దోమ. దానికి ఆహ్వానము అక్కరలేదు. తలుపు మూసినచో సందు వెదకుకొని వచ్చును. కడుపు నిండిన తరువాతనైనను సెలవు పుచ్చుకొనదు.

ఇంటివానికి కంటిమీద కునుకు లేకుండ చేయు ఈ అల్పప్రాణిని కథానాయకునిగా నిలిపి, 1912వ సంవత్సరములో, తన చేతితో సుమారు 6,000 బొమ్మలు గీసి, ఒక హాస్యచిత్రమును నిర్మించిన మహాశయుడు అమెరికా దేశపు చిత్రకారుడగు విన్సర్ మెకే. నేడు మన పిల్లలు టెలివిజనులోను సెల్‌ఫోనులోను చూచి పకపక నవ్వుకొను కదలు బొమ్మల చిత్రములకు పునాది వేసినవారిలో ఆయన ముఖ్యుడు. ఆయన శ్రమను, దానికి దక్కిన ఫలమును తెలిసికొనుట కళాభిమానులకే గాక, కష్టించి బ్రదుకు ప్రతివారికిని ఉపయోగకరము.

బాల్యము, విద్యాభ్యాసము

ఆయన పూర్తి పేరు జీనస్ విన్సర్ మెకే. సుమారు 1869 ప్రాంతమున జన్మించి, మిషిగన్ రాష్ట్రములోని స్ప్రింగ్ లేక్ అను చిన్న పట్టణమున పెరిగెను. అది కలప వ్యాపారమునకు పేరుపడిన సీమ. తండ్రి రాబర్టు ఆ వ్యాపారములోనే పనిచేసెడివాడు. బాలుడు చేతికి అందిన ప్రతి వస్తువుమీదను బొమ్మలు గీయుచుండెను. పదమూడేండ్ల ప్రాయమున పాఠశాల నల్లబల్లపై అతడు గీసిన ఓడ మునుక బొమ్మను ఫొటో తీయించి ప్రతులు అమ్మిరని చెప్పుదురు.

కుమారుడు లెక్కలు నేర్చి వ్యాపారి కావలెనని తండ్రి కోరిక. అందుచే 1886లో అతనిని యిప్సిలాంటి పట్టణములోని ఒక వాణిజ్య కళాశాలకు పంపెను. కుమారుడు పద్దుల పుస్తకములను అటకెక్కించి, రైలెక్కి డెట్రాయిట్ నగరమునకు పోవుచుండెను. అచ్చట వింతవస్తు ప్రదర్శనశాల యొకటి కలదు. దానిలో కూర్చుండి, వచ్చిపోవువారి ముఖచిత్రములను ఒక్కొక్కటి 25 సెంట్లకు గీసి ఇచ్చెడివాడు. సెంటు అనగా డాలరులో నూరవ వంతు.

ఈ కాలముననే జాన్ గుడిసన్ అను ఉపాధ్యాయుడు ఆ యువకుని చేతిలోని శక్తిని గుర్తించెను. దగ్గర నున్న వస్తువు పెద్దదిగను, దూరముననున్నది చిన్నదిగను, కంటికి నిజమనిపించునట్లు గీయు పద్ధతిని అతనికి విడిగా నేర్పెను. మెకే పొందిన చిత్రకళా విద్య యంతయు ఇంచుమించు ఇదియే. కాని గురువు చెప్పిన ఆ కొలది పాఠములను ఆయన జీవితాంతము మరువలేదు. మేడలు, వంతెనలు, రాజప్రాసాదములు, ఏవి గీసినను వాస్తుశిల్పి కొలిచి కట్టినట్లుండుటకు ఆ పాఠములే కారణము.

పత్రికారంగ ప్రవేశము

1889లో చికాగో నగరము చేరి, సర్కసు కంపెనీల గోడ ప్రకటనలు అచ్చువేయు ముద్రణాలయమున పనికి కుదిరెను. 1891లో సిన్సినాటి నగరమునకు పోయి, అచ్చటి ప్రదర్శనశాలకు బొమ్మల బోర్డులు వ్రాసెను. ఆ యేడే మాడ్ డుఫూర్ అను యువతిని వివాహమాడెను. వారికి రాబర్టు అను కుమారుడును, మేరియన్ అను కుమార్తెయు కలిగిరి.

ఆ కాలమున వార్తాపత్రికలలో ఫొటోలకంటె చేతితో గీసిన బొమ్మలకే గిరాకి హెచ్చు. మెకే సిన్సినాటి పత్రికలలో చిత్రకారుడుగా పేరు సంపాదించగా, 1903లో న్యూయార్కు హెరాల్డ్ పత్రికాధిపతి ఆయనను పిలిపించుకొనెను. 1904లో రేర్‌బిట్ కలలను గూర్చిన బొమ్మల వరుసను ప్రారంభించెను. రేర్‌బిట్ అనగా చీజ్ కరగించి కాల్చిన రొట్టెపై పోసిన వంటకము. రాత్రివేళ దానిని అతిగా భుజించినవాడు భయంకరమైన కల గని, కడపటి గడిలో ఉలికిపడి లేచి, ఇక ముట్టనని ఒట్టు పెట్టుకొనును. ప్రతి కథయు ఇంతే. కాని కలలు మాత్రము ఒకదానివలె నొకటి ఉండవు.

1905 అక్టోబరు 15వ తేదీన ఆయనకు శాశ్వత కీర్తి తెచ్చిన లిటిల్ నీమో వెలువడెను. నీమో అను చిన్న బాలుడు రాత్రి నిదురించి స్వప్నలోకమున విహరించును. అతని మంచమునకు కాళ్లు మొలిచి అది వీధులవెంట పరుగెత్తును, మేడలు నడచును. చివరకు బాలుడు మెలకువ వచ్చి తన పక్కమీదనే, లేదా పక్కక్రిందనే, ఉండును. ఆదివారపు పత్రికలో నిండుపుట రంగుల ముద్రణతో వచ్చిన ఈ కథ 1908లో సంగీతనాటకముగా రంగస్థలమెక్కెను. నీమోకు రూపము ఆయన కుమారుడు రాబర్టుదే.

1906 నుండి ఆయన స్వయముగ వేదిక యెక్కి ప్రదర్శనము లిచ్చుట కారంభించెను. నల్లబల్లపై స్త్రీపురుషుల ముఖముల జంట నొకదానిని శైశవదశలో గీసి, చెరిపి సవరించుచు, వారిని యౌవనమునకును పిమ్మట వార్ధక్యమునకును చేర్చుట అందలి ముఖ్యాంశము. చూచువారి కన్నుల యెదుట బొమ్మకు వయసు వచ్చుచుండెను. ఇక ఆ బొమ్మ కదలుట యొక్కటియే తరువాయి.

బొమ్మ కదలెను

కుమారుడు రాబర్టు ఇంటికి తెచ్చిన చిన్న బొమ్మల పుస్తకములు ఆయనకు దారి చూపినవి. పుటలను బొటనవ్రేలితో జరజర వదలినచో అందలి బొమ్మ కదలినట్లు కనబడును. ఇదే పనిని సినిమా తెరపై ఏల చేయరాదని ఆయన తలచెను. ఈ తలంపు వచ్చిన మొదటివాడు ఆయన కాడు. అమెరికాలో బ్లాక్‌టన్, ఫ్రాన్సులో ఎమిల్ కోల్ అప్పటికే కదలు బొమ్మలను చూపియుండిరి. కాని వారి బొమ్మలు గీతలుగా కదలినవి. మెకే బొమ్మలు ఒడలు బరువు గల ప్రాణులవలె కదలినవి. ఇదియే తేడా.

1911లో నీమో కథాపాత్రలతో 4,000 బొమ్మలు గీసి తొలి చిత్రము విడుదల చేసెను. అందు కథ లేదు. పాత్రలు సాగును, కుదించుకొనును, రంగులలో మెరయును. అంతే. రెండవ ప్రయత్నమున ఆయన కథ చెప్పదలచెను. అందుకు ఎన్నుకొనినది తాను 1909లో పత్రికకు గీసిన రేర్‌బిట్ కథలలోని దోమను.

1912లో వచ్చిన ఆ చిత్రము పేరు హౌ ఎ మస్కిటో ఆపరేట్స్. దోమ తన పని యెట్లు చక్కబెట్టుకొనునో చూపుటయే దాని కథ. ఒక పెద్దమనిషి రాత్రి తన గదిలోనికి పోవుచుండును. వెనుకనే ఒక పెద్ద దోమ, తలపై పొడవాటి టోపీ, చేత పెట్టెతో, ఉద్యోగమునకు వచ్చినవానివలె సిద్ధమగును. తలుపు మూసికొనగా తలుపుపైనున్న సందు గుండా లోనికి దూరును. పెట్టె తెరచి సానరాయి తీసి, తన తొండమునకు పదును పెట్టుకొనును. నిద్రించువాని ముఖముపై, మెడపై, ఎచ్చట మేలని పరీక్షించి మరీ గ్రుచ్చును. అతడు నిదురమత్తులో చేయి విసరును. దోమ తప్పుకొని మరల వచ్చును. త్రాగిన కొలది దాని పొట్ట ఉబ్బును. మధ్యమధ్య ప్రేక్షకులవైపు తిరిగి, తన నేర్పు చూడుమన్నట్లు గారడీలు చేయును. చాలునని లేచిపోవు బుద్ధి పుట్టదు. కట్టకడపట పొట్ట పగిలి నశించును.

తెరపై కనబడు ప్రతి సెకనుకు 16 బొమ్మలు కావలెను. ఆ లెక్కన 6,000 బొమ్మలకు వచ్చిన వినోదము ఆరు నిమిషములకు కొంచెము పైమాట. బొమ్మకును బొమ్మకును నడుమ తొండము ఎంత జరుగవలెను, రెక్క ఎంత లేవవలెను, పొట్ట ఎంత ఉబ్బవలెను అని గడియారము ముందు పెట్టుకొని లెక్కించి గీసెను. ప్రతి కాగితమును మూలలనున్న గుర్తులకు సరిపెట్టెను. లేనిచో తెరపై బొమ్మ వణకును. ఇంతకంటె గొప్ప సంగతి మరొకటి కలదు. ఆ దోమ వట్టి పురుగు కాదు. దానికి పట్టుదల, గర్వము, అత్యాశ గలవు. బొమ్మకు కదలికతోబాటు స్వభావమును గూడ ఇచ్చుట ఈ చిత్రముతో మొదలయ్యెనని విజ్ఞులు భావింతురు.

దోమను చూచి నవ్వుట మనకు అంత సులభము కాదు. మలేరియా వ్యాధికి మూలమగు సూక్ష్మజీవిని దోమ కడుపులో రొనాల్డ్ రాస్ కనుగొనినది మన సికింద్రాబాదు బేగంపేటలోనే. 1897 ఆగస్టు 20వ తేదీన. మెకే చిత్రమునకు 15 ఏండ్లకు ముందు జరిగిన ఈ పరిశోధన దోమ యెంతటి ప్రమాదకరమగు అతిథియో లోకమునకు తెలిపినది. మెకే దోమ రోగమును తేలేదు. మితిమీరిన ఆశకు గల ఫలము నొకదానిని మాత్రము నవ్వుచు తెలిపినది.

డైనోసార్ గెర్టీ

విచిత్రమేమనగా, ఇంత శ్రమపడినను జనము నమ్మలేదు. సన్నని తీగలకు కట్టిన కీలుబొమ్మను ఆడించి ఫొటోలు తీసినారని పలువురు అనిరి. లోకములో లేని జంతువును కదలించి చూపిన గాని ఇది గీతల పని యని వీరు ఒప్పుకొనరని మెకే నిశ్చయించెను. కోట్ల సంవత్సరముల క్రిందట నశించిన డైనోసార్‌ను ఎన్నుకొని, దానికి గెర్టీ అని పేరు పెట్టి, సుమారు 10,000 బొమ్మలతో 1914లో చికాగోలో ప్రదర్శించెను. అప్పటికి పారదర్శకమగు పలుచని రేకులపై గీయు పద్ధతి ఆయనకు లేదు. గెర్టీ కదలినను కదలకున్నను, వెనుకనున్న కొండ, చెట్టు, చెరువు ప్రతి కాగితముపైనను మరల మరల గీయవలసినదే. ఈ భాగమున జాన్ ఫిట్జ్‌సిమన్స్ అను యువకుడు ఆయనకు తోడ్పడెను.

ప్రదర్శనమునందు మెకే చేత కొరడా పట్టి తెర ప్రక్కన నిలుచును. రమ్మనగా గెర్టీ సిగ్గుపడుచు గుహనుండి వచ్చును; నమస్కరింపుమనగా వంగును; మందలింపగా కన్నీరు పెట్టును. ఆయన విసరిన ఆపిల్ పండును తెరలోని గెర్టీ అందుకొనును. కడకు ఆయన తెరవెనుకకు పోగా, తెరలో ఆయన బొమ్మ కనబడి, గెర్టీ వీపు నెక్కి సాగిపోవును. మెకే బొమ్మలోనికే ప్రవేశించినట్లు ప్రేక్షకులు నివ్వెరపడిరి.

అతిథిగా వచ్చినవాడు

ఈ కాలముననే ఆయన ఇంటికి ఒక అతిథి వచ్చెను. అతడు జె. ఆర్. బ్రే అను యువ చిత్రకారుడు. తాను పత్రికకు వ్యాసము వ్రాయుచున్నానని చెప్పెను. మెకేకు దాపరికము లేదు. ముఖ్యమైన భంగిమలను ముందు గీసి, నడుమవాటిని పిమ్మట పూరించుట, కాగితములు కదలకుండ గుర్తులు పెట్టుట, ఒకసారి గీసిన కదలికను మరల వాడుకొనుట మొదలగు మెలకువల నన్నింటిని విప్పి చూపెను. ఈ కళ ఎవరి సొత్తును కాదని, నేర్చినవారెల్లరు దీనిని పెంచవలెనని ఆయన తలంపు. అందుచే తన పద్ధతులకు పేటెంటు హక్కు కోరియుండలేదు.

అతిథి ఆ పద్ధతులకు తన పేర పేటెంటు పొందుటయే గాక, వానిని వాడుచున్నాడని మెకేపైననే వ్యాజ్యము వేసెను. పాలు పోసినవానినే కాటు వేసినట్లాయెను. న్యాయము మెకే పక్షమున నిలిచినది. కొన్ని సంవత్సరములు ఆయనకు ప్రతిఫలము గూడ ముట్టినది. అయినను బొమ్మల చిత్రములను పెద్దయెత్తున తయారుచేయు వ్యాపారశాలలు బ్రే వంటివారి చేతులలో పెరిగినవి గాని మెకే చేతిలో పెరుగలేదు.

యజమాని ఆజ్ఞ

మరియొక చిక్కు ఉద్యోగమువలన వచ్చెను. 1911లో ఆయన విలియం రాండాల్ఫ్ హెర్స్ట్ పత్రికలలో చేరియుండెను. జీతము గొప్పది, యజమాని మాటయు గొప్పదే. మెకే వేదికలపై గడపు కాలము పత్రిక పనికి నష్టమని హెర్స్ట్ భావించి, న్యూయార్కు వెలుపల ప్రదర్శనము లీయరాదని కట్టడి చేసెను. అందుచే గెర్టీకి నటులతో తీసిన ముందుభాగమును చేర్చి, మెకే వేదికపై లేకున్నను నడచునట్లు మార్చి, 1914 చివర సినిమాశాలలకు పంపిరి. హాస్యచిత్రములు మాని, సంపాదకీయములకు గంభీరమైన బొమ్మలు గీయవలెనని సంపాదకుడు ఆర్థర్ బ్రిస్బేన్ ఆదేశించెను. స్వప్నలోకమును సృష్టించిన చేయి, పరుల అభిప్రాయములకు బొమ్మలు కట్టు పనిలో పడెను.

1915 మే 7వ తేదీన లూసిటేనియా అను ప్రయాణికుల ఓడను జర్మను జలాంతర్గామి ముంచివేయగా 1,198 మంది మరణించిరి. హెర్స్ట్ అమెరికా యుద్ధమున చేరుటకు వ్యతిరేకి. ఆయన పత్రికల బొమ్మలును అట్లే యుండవలెను. మెకే హృదయము వేరు. పగలు యజమాని కోరిన బొమ్మలు గీయుచు, తక్కిన వేళల సొంత ధనము వెచ్చించి, 22 నెలలు పాటుపడి, సుమారు 25,000 బొమ్మలతో ఆ ఓడ మునుకను చిత్రముగా రూపొందించెను. ఇందు పారదర్శకమగు సెల్ రేకులను వాడెను. బల్లపై ఓడ మునుక గీసిన బాలుడే ఇప్పుడు తెరపై ఓడను ముంచి లోకముచే కన్నీరు పెట్టించెను. 1918లో అది విడుదలయ్యెను. దానివలన వచ్చిన ధనము మాత్రము స్వల్పము.

1921లో కుమారుడు రాబర్టు తోడ్పాటుతో రేర్‌బిట్ కలల కథలను మూడు చిత్రములుగా తీసెను. అందులో ద పెట్ అనునది మరల పనికిరాని అతిథి కథయే. ఇల్లాలు ముద్దుగా ఇంటికి తెచ్చుకొనిన చిన్న జంతువొకటి కనబడినదంతయు తినుచు పెరుగును. ఇంటాయన దానిని వదిలించుకొనుటకు పీపెడు విషము తెచ్చి పెట్టగా, అదియు జీర్ణించుకొని మరింత పెరిగి, ఇల్లు మించి, ఊరు మించి, మేడల నడుమ నడచును. విమానములు చుట్టుముట్టి దాడి చేయగా చివరకు ప్రేలిపోవును. అంతలో ఇంటాయన మేల్కొనును. దోమకు పట్టిన గతియే దీనికిని పట్టినది. ఈ మూడు చిత్రములతో ఆయన చలనచిత్ర కృషి ముగిసెను.

కడపటి దినములు

1924లో హెర్స్ట్ కొలువు విడచి నీమో కథను పునరుద్ధరించెను గాని, అది మునుపటివలె జనాదరణ పొందలేదు. 1927లో తిరిగి ఆ కొలువులోనే చేరెను. ఆ యేడు న్యూయార్కులో బొమ్మల చిత్రములు తీయువారు విందు చేసి ఆయనను సన్మానించిరి. సన్మానమునకు బదులు చెప్పుచు ఆయన ముఖస్తుతి చేయలేదు. తాను దీనిని కళగా తలంచి వారికి అప్పగింపగా, వారు దానిని వట్టి వ్యాపారముగా మార్చిరని నిర్మొగమాటముగా మందలించెను. సభ చిన్నబోయెనట. ఆ మాటలో కోపముకంటె బాధయే హెచ్చు.

1934 జూలై 26వ తేదీన బ్రూక్లిన్‌లోని స్వగృహమున ఆయనకు తీవ్రమైన తలనొప్పి వచ్చి, మెదడులో రక్తప్రసారము స్తంభించెను. బొమ్మలు గీయు కుడిచేయి పడిపోయినదని భార్యతో చెప్పిన కొంతసేపటికే తెలివి తప్పి, ఆ దినముననే కన్నుమూసెను. వేలవేల బొమ్మలను ఈ లోకమునకిచ్చిన ఆ చేయి ముందు పోయి, ప్రాణము వెనుక పోయినది.

ఆయన మరణానంతరము మూల చిత్రములు అనేకము పాడైపోయినవి. కాని కీర్తి పాడుకాలేదు. 1955లో వాల్ట్ డిస్నీ తన టెలివిజను కార్యక్రమమున గెర్టీ ప్రదర్శనమును మరల చేయించి చూపెను. అందుకు తోడ్పడిన రాబర్టుతో, తన స్టూడియో వైభవమంతయు న్యాయముగా మీ తండ్రికి దక్కవలసినదని డిస్నీ అన్నట్లు చెప్పుదురు. 1966లో న్యూయార్కు మెట్రోపాలిటన్ మ్యూజియము ఆయన చిత్రములను ప్రదర్శించెను. 1972 నుండి బొమ్మల చిత్రరంగమున జీవితకాల కృషికి ఆయన పేర బహుమానము లిచ్చుచున్నారు. 1991లో అమెరికా ప్రభుత్వము శాశ్వతముగా భద్రపరుపదగిన జాతీయ చిత్రముల పట్టికలో గెర్టీని చేర్చినది. దోమ చిత్రమును నేడు ఎవరైనను ఇంటర్నెట్‌లో ఉచితముగా చూడవచ్చును.

విన్సర్ మెకే జీవితమున మనము గ్రహింపదగిన దేమి? తాను నేర్చినది దాచుకొనినవాడు నష్టపోకుండవచ్చును. పంచిపెట్టినవాడు ఒక్కొక్కప్పుడు మోసపోవచ్చును. అయినను కళ పెరిగినది పంచిపెట్టినవాని వలననే. గుడిసన్ పంతులు అడుగకయే నేర్పిన పాఠము మెకేలో ఫలించినది; మెకే తలుపు తీసి చూపిన విద్య లోకమంతట ఫలించినది. గ్రంథాలయ ధర్మమును ఇదియే. ఇరువదియైదేండ్లుగా మన గ్రంథాలయపు తలుపు వచ్చినవారికెల్ల తెరచియే యున్నది. ఇంటికి వేళగాని అతిథి బరువు కావచ్చును గాని, పుస్తకశాలకు బరువగు అతిథి యెవ్వడును లేడు. పుస్తకమును చింపక, మరకపడనీయక, గడువునకు తిరిగి ఇచ్చి, మరియొకనిని వెంటబెట్టుకొని వచ్చు పాఠకుడే దానికి పరమ బంధువు. మన గ్రామ బాలబాలికలలో నల్లబల్లపై బొమ్మలు గీయువారున్నచో, పెద్దలు వారి చేతి సుద్దముక్కను లాగివేయక, ఒక పాఠము చెప్పువారిని చూపుదురుగాక!